కలెక్టర్ గారూ, మా ఇంటి స్తంభం మీద రెండు గీతలున్నాయి

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు, విపత్తుల నిర్వహణ సంస్థల్లోని పెద్దలకు నమస్కారం.

నేను జియోఫిజిసిస్టుని. ముప్ఫై అయిదేళ్ళు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మొదటి సగం భూమి లోపలి చప్పుళ్ళు వినడం, రెండో సగం ఆకాశం నుంచి భూమిని చూడటం, స్థూలంగా నా ఉద్యోగం అంతే. జీతం టైముకి వచ్చింది, పిల్లలు స్థిరపడ్డారు, పెన్షన్ ఫైలు ఎక్కడా పెండింగ్‌లో లేదు, మీతో నాకు సొంత పనేమీ లేదు. అందుకని కాస్త మొహమాటం లేకుండా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్లేదు.

మా పుట్టిల్లు బూర్గంపాడులో. పాత పెంకుటిల్లు, వసారాలో నాలుగు టేకు స్తంభాలు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు నేను వైజాగ్‌లో, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ టెక్ జియోఫిజిక్స్ చదువుతున్నా. నీళ్ళు దిగాక ఇంటికి తిరిగొచ్చిన మా నాన్న, బురద ఆనవాలు చెరిగిపోకముందే సైకిల్ షాపు నుంచి నీలం ఎనామిల్ పెయింటు అడిగి తెచ్చి, గుమ్మం పక్క స్తంభం మీద ఒక గీత గీసి పక్కన సంవత్సరం రాశారు. ఆ గీత నా తలకి మూరెడు పైన ఉంటుంది. మళ్ళీ 2022 జులైలో 71.3 అడుగులొచ్చింది. అప్పటికి నాన్న లేరు. తమ్ముడు గీశాడు, పెయింటు దొరక్క మా మరదలి నెయిల్ పాలిష్‌తో. ఆ గీత నా నడుము దగ్గర.

ఇందులో నా తప్పు కూడా ఉంది, అది ముందే చెప్పేస్తా. 2022 వరదప్పుడు ఏ ఊళ్ళు మునిగాయో శాటిలైట్ బొమ్మల నుంచి మ్యాపులు తీసిన జట్టులో నేనూ ఉన్నా. వాటిలో ఒక మ్యాపులో మా పుట్టింటి వీధి పొడిగా ఉంది. తమ్ముడు వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు, వీధిలో పడవ, పడవలో వాడు, ఒళ్ళో మేకపిల్ల. కింద మెసేజ్: "అక్కా, మీ మ్యాపు ప్రకారం నేను పొడి నేల మీద ఉన్నా. మరి ఈ పడవేంటంటావ్?"

ఎందుకలా జరిగిందో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే నేను అడగబోయేదంతా దీని మీదే ఉంది. వానాకాలంలో మామూలు కెమెరా శాటిలైట్లకి మబ్బులు తప్ప ఏమీ కనిపించవు. అప్పుడు దిక్కు రాడార్ శాటిలైట్లే, మనవైతే 2012లో రీశాట్-1, ఇప్పుడు 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04, ఇంకా యూరప్ వాళ్ళ సెంటినల్. ఇవి పక్కవాటుగా మైక్రోవేవ్ తరంగాలు పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తాయి. నిలకడగా ఉన్న నీళ్ళ మీద పడిన తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, తిరిగి ఏమీ రాదు, బొమ్మలో అక్కడ నల్లగా పడుతుంది. నలుపంటే నీళ్ళు, ఇంతవరకూ ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పేస్తారు. కానీ ఇళ్ళ మధ్య నీళ్ళు నిలిస్తే తరంగం ముందు నీళ్ళని తాకి, అక్కణ్ణుంచి గోడకి కొట్టుకుని, మళ్ళీ శాటిలైట్ వైపే వెళ్ళిపోతుంది. అప్పుడు మునిగిన వీధి నల్లగా కాదు సరికదా మామూలు రోజుకంటే తెల్లగా మెరుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి నలుపు మాత్రమే వెతకమని చెప్పి వదిలేస్తే, పొలాలన్నీ మునిగినట్టు, ఊరు మాత్రం దీవిలా తేలినట్టు చూపిస్తుంది. మా వీధికి జరిగింది అదే. దానికి తోడు శాటిలైట్ తన టైము ప్రకారం వస్తుంది, గోదావరి పీక్‌కి చేరిన గంటకే నెత్తి మీదికి రావాలని రూలేం లేదు కదా, ఆ రోజు బొమ్మ తీసినప్పుడు నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతున్నాయి.

దీనికి రివర్స్ కూడా ఉంది. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో కొత్తగా నాట్లేసిన వరి మడి కూడా రాడార్‌కి చెరువే. కొండ వెనక పడే రాడార్ నీడ నలుపే, ఎయిర్‌పోర్టు రన్‌వే నలుపే. ఈ ప్రాంతం తెలియని వాళ్ళు మొదటిసారి చూస్తే పశ్చిమ గోదావరి జిల్లా సగం కొట్టుకుపోయిందని రిపోర్టు రాసేస్తారు. అదే ఏ నెలలో నాట్లు పడతాయో తెలిసిన మనిషి, వరదకి ముందు తీసిన బొమ్మ పక్కన పెట్టుకుని చూస్తే పది నిమిషాల్లో తేల్చేస్తాడు.

అలాంటి మనిషి మీ కలెక్టరేట్‌లో ఉన్నాడా? నేనడగదల్చుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకడుగుతున్నానో చెప్పుకోవడమే.

నన్ను ఈ చదువులోకి లాగింది కూడా అక్కడి నేలే. 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం భూకంపం వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. అటక మీద ఇత్తడి బిందెలు ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నాయనమ్మ "ఆదిశేషుడు తల మార్చుకున్నాడే" అని దణ్ణం పెట్టుకుంది. స్కూల్లో సైన్సు మాస్టారు మాత్రం దక్కన్ పీఠభూమి గట్టి రాయి, ఇక్కడ భూకంపాలు రావు అని అదే సంవత్సరం పాఠం చెప్పారు. నాకు నాయనమ్మ మాటే నయమనిపించింది, కనీసం ఆవిడ చప్పుడు విన్నది. దాని తీవ్రత 5.7 అని యూనివర్సిటీకి వెళ్ళాకే తెలిసింది. 2024 డిసెంబర్ 4న పొద్దున 7 గంటల 27 నిమిషాలకి ములుగు అడవుల్లో 5.3 వచ్చింది కదా, హైదరాబాద్‌లో నా చేతిలో కాఫీ గ్లాసు వణికింది. రెండూ గోదావరి పారే ఆ పాత పగులు లోయలోనివే. ఆ రోజు సాయంత్రం దాకా నాకొచ్చిన ఫోన్లన్నిట్లో ఒకటే ప్రశ్న, మళ్ళీ ఎప్పుడొస్తుంది అని. భూకంపం ఫలానా రోజు వస్తుందని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. టీవీలో ఎవరైనా చెప్తే ఛానెల్ మార్చేయండి.

ఉద్యోగంలో చేరింది 1988లో. మొదట ఫీల్డు. భూమి అయస్కాంత క్షేత్రం కొలిచే ప్రోటాన్ మ్యాగ్నెటోమీటర్ ఒకటుండేది, దాని దగ్గర ఇనుము ఉండకూడదు. నేను చీర కట్టుకునేదాన్ని. రీడింగ్ తీసే ప్రతిసారీ పిన్నీసులన్నీ తీసి అటెండర్ చేతిలో పెట్టి, ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో సెన్సర్ కర్ర పట్టుకుని నిలబడేదాన్ని. పది రోజుల తర్వాత చుడీదార్లోకి మారిపోయా, అందుకు ఇంట్లో చిన్న సైజు యుద్ధం జరిగింది. అనంతపురం వైపు రెసిస్టివిటీ సర్వేకి వెళ్తే నాలుగు ఇనప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, వైర్లు లాగి, కరెంటు పంపి కింద నీళ్ళున్నాయో లేదో లెక్కలేస్తున్న నా పక్కనే, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన నడిచేవాడు. కాయ నిలబడితే అక్కడ బోరు. రైతులు ఆయనకి ముందు కాఫీ ఇచ్చేవాళ్ళు, నాకు తర్వాత. ఆయన తప్పినా దేవుడి మీదికి పోయేది, నేను తప్పితే గవర్నమెంట్ మీదికి.

మహారాష్ట్రలోని కిల్లారి గురించి చెప్పకుండా ఉండలేను. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు గంటలకి కాస్త ముందు. గణేశ్ నిమజ్జనం చూసొచ్చి అలిసి పడుకున్న జనం. 6.2 తీవ్రత. పదివేల మంది దాకా పోయారు. అది కూడా గట్టి రాయి, భూకంపాలు రావని పుస్తకాల్లో రాసుకున్న చోటే. మేం వెళ్ళేసరికి వాన పడుతోంది, ఆ వాసన గురించి రాయను. మా పని తర్వాత వచ్చే చిన్న చిన్న ప్రకంపనలు పట్టడం. అప్పటి పోర్టబుల్ సీస్మోగ్రాఫుల్లో పెన్ను, ఇంకు ఉండేవి కావు. తెల్ల కాగితం డ్రమ్ముకి చుట్టి, కిరసనాయిలు దీపం పొగ మీద తిప్పుతూ కాగితమంతా మసి పట్టించాలి, సరిగ్గా కాటుక పట్టినట్టే. సన్నటి సూది ఆ మసిని గీరుకుంటూ పోతే నల్లటి దాని మీద తెల్లటి గీత. ఇరవై నాలుగు గంటలకోసారి కాగితం తీసి, మసి రాలిపోకుండా లక్క ద్రావణంలో ముంచి ఆరేయాలి. రెండు రోజులు మా గుడారం దగ్గరే కూర్చున్న ఒక ముసలాయన, ఇల్లంతా పోయినాయన, ఆ గీత చూస్తూ హిందీలో అడిగాడు, ఈ వంకర వచ్చినప్పుడల్లా మాకు చెప్తారా అని. వంకర వచ్చాకే మాకూ తెలుస్తుందని చెప్పా. మొదటి అలకీ రెండో అలకీ మధ్య ఎన్ని సెకన్లుంటే దాన్ని ఎనిమిదితో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో తెలుస్తుందని కూడా చూపించా. ఆయన ఒక గంట తర్వాత వచ్చి, వేళ్ళ మీద లెక్కపెట్టి, తర్వాతి ప్రకంపనకి దూరం సరిగ్గా చెప్పాడు. కిల్లారిలో మనుషుల్ని చంపింది రెండడుగుల మందం రాతి గోడలు, వాటి మధ్య మట్టి, పైన టన్నుల కొద్దీ మట్టి కప్పు. ఇది ఆయనకి మా అందరికంటే బాగా తెలుసు.

తర్వాత నన్ను శాటిలైట్ల వైపు మార్చారు. నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరమే, 1988 మార్చి 17న, బైకనూర్ నుంచి మన మొదటి రిమోట్ సెన్సింగ్ శాటిలైట్ ఐఆర్ఎస్-1ఎ వెళ్ళింది. అందులో ఒక కెమెరాకి 72.5 మీటర్ల చదరం ఒక చుక్క. అంటే మీ కలెక్టరేట్ కాంపౌండు మొత్తం నాలుగైదు చుక్కలు. మళ్ళీ అదే చోటికి రావడానికి 22 రోజులు. ఇప్పుడు రోడ్డు మీద కారు కనిపిస్తుంది. 1974లో ఎన్ఆర్ఎస్ఏగా మొదలైన శాటిలైట్ బొమ్మల సంస్థ ఇప్పటి ఎన్ఆర్ఎస్‌సీ, దానికంటే ముందు 1961 నుంచీ భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్ఐ, 1999 నుంచి సముద్రం సంగతులు చూసే ఇంకాయిస్. భూకంపం, వరద, సునామీ, మూడింటి సైన్సూ హైదరాబాద్‌లోనే ఉంది. దేశంలో ఇంకే నగరానికీ లేని అదృష్టం అది. కానీ ఆ ఆఫీసుల్లోంచి మీ ఆఫీసుకి వచ్చేసరికి ఏమవుతోందో చూడండి.

ఒక జిల్లా, పేరెందుకు లెండి. వరద రోజుల్లో రాత్రంతా కూర్చుని మ్యాపు చేసి తెల్లవారుజామున పంపాం. ముదురు నీలం అంటే ఎప్పుడూ నీళ్ళుండే చెరువులు, లేత నీలం అంటే కొత్తగా మునిగింది. అక్కడ కలర్ ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందని బ్లాక్ అండ్ వైట్‌లో, అదీ ఏ4 కాగితం మీద ప్రింటు తీసి మీటింగ్‌లో పంచారు. రెండు నీలాలూ ఒకే బూడిద రంగు. దాన్ని చూసి రెండు పడవల్ని ఒక పెద్ద చెరువు పక్కనున్న ఊరికి పంపించారు, అక్కడ చెరువు ఎప్పుడూ ఉండే చెరువే, ఊరు బ్రహ్మాండంగా ఉంది. అసలు మునిగిన ఊరికి పడవ వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అదృష్టం, ఎవరూ పోలేదు. తర్వాత నేను ఫోన్ చేసి మ్యాపు చూసేది ఎవరండీ అని అడిగితే, ఆ సెక్షను చూసే ఆయన వేరే డిపార్ట్‌మెంట్ నుంచి అదనపు బాధ్యత, మెయిల్ చూసే అబ్బాయి ఔట్‌సోర్సింగ్, ఆ అబ్బాయికి నాలుగు నెలలుగా జీతం రాలేదు. అతన్ని నేనేం తప్పు పట్టను. పాపం మ్యాపు ఓపెన్ చేయడమే గొప్ప.

విజయవాడ సంగతి మీకందరికీ తెలుసు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు. మా అక్క కూతురు సింగ్ నగర్‌లో రెండో అంతస్తులో ఉంటుంది. ఫోన్ చార్జింగ్ పన్నెండు శాతం ఉందంటూనే, "పిన్నీ, మీ శాటిలైట్‌లో మేం కనిపిస్తున్నామా?" అని అడిగింది. అప్పటికి నేను రిటైరయ్యా, అయినా పాత అలవాటు, దొరికిన రాడార్ బొమ్మ ఇంట్లో లాప్‌టాప్‌లో వేసి చూశా. ఊరి బయట పొలాలన్నీ నల్లగా పడ్డాయి, కాలనీలు తెల్లగా మెరుస్తున్నాయి. అదే పాత కథ. "కనిపిస్తున్నారు, కానీ చూసేవాడికి తెలియాలి" అన్నాను, దానికి కోపం వచ్చి ఫోన్ పెట్టేసింది. న్యాయమే. మునిగినవాళ్ళకి చెప్పాల్సిన జవాబు కాదది.

బుడమేరు పాత దారి ఎక్కడుందో, కొల్లేరు దాకా నీళ్ళు ఏ పల్లంలోంచి పోవాలనుకుంటాయో శాటిలైట్ బొమ్మల్లో ముప్ఫై ఏళ్ళుగా కనిపిస్తూనే ఉంది. ఆ బొమ్మల్లోనే ఏటేటా ఆ పల్లంలో ఇళ్ళు లేవడం కూడా కనిపిస్తుంది. ఒక ఏప్రిల్ నెలలో ఎవరైనా కూర్చుని 1990 నుంచి వరసగా పేర్చి చూస్తే, ఏ కాలనీలో మొదట నీళ్ళొస్తాయో, పడవలు ఏ స్కూల్లో ముందే పెట్టుకోవాలో తెలిసిపోతుంది. నా ఉద్యోగం మొత్తంలో జిల్లాల నుంచి మాకొచ్చిన రిక్వెస్టుల్లో ఏప్రిల్ నెలలో వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నీ ఆగస్టులోనే, అన్నీ "అర్జెంట్" అనే. భూమి లోపలి సంగతీ అంతే. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమ గట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నాక, మట్టి కింద ఏముందో చూసే జీపీఆర్ మిషన్లతో మా వాళ్ళని పిలిచారు. కూలాక పిలిస్తే మేం చూపించగలిగేది ఎక్కడ తవ్వాలో మాత్రమే.

ముందే కొలవడం సాధ్యం కాదా అంటే, బ్రహ్మాండంగా సాధ్యం. ఉత్తరాఖండ్‌లో నేల కుంగి ఇళ్ళు పగిలిన జోషిమఠ్ గుర్తుందా? రెండు వేర్వేరు రోజుల్లో తీసిన రాడార్ బొమ్మల తరంగాల మధ్య తేడా లెక్కగడితే నేల సెంటీమీటర్లలో కుంగినా తెలుస్తుంది. 2022 డిసెంబర్ 27కీ 2023 జనవరి 8కీ మధ్య, పన్నెండు రోజుల్లో అక్కడ నేల 5.4 సెంటీమీటర్లు దిగిందని ఎన్ఆర్ఎస్‌సీ లెక్క తేల్చింది. ఆ రిపోర్టు వెబ్‌సైట్‌లో కొద్ది రోజులే ఉంది. మీడియాతో మాట్లాడొద్దని ఢిల్లీ నుంచి సంస్థలకి ఆదేశం వచ్చింది, రిపోర్టు తీసేశారు. జనం కంగారు పడతారనే కారణం నాకర్థమవుతుంది, కానీ గోడలు పగిలిన ఇంట్లో పడుకున్నవాళ్ళు అప్పటికే కంగారులో ఉన్నారు, వాళ్ళకి కావాల్సింది ఆ అంకె. ఇప్పుడు 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ అనే రాడార్ శాటిలైట్ వెళ్ళింది. ఇస్రో, నాసా కలిసి చేసింది, ప్రతి పన్నెండు రోజులకీ దాదాపు ప్రపంచమంతా ఇలా కొలుస్తుంది, దాని పొడుగు తరంగాలు చెట్ల ఆకుల్ని కూడా దాటి నేలని చూస్తాయి. సింగరేణి ఊళ్ళలో గనుల మీద కుంగే నేల, గోదావరి కట్టలు, అల్లూరి జిల్లాలో ఘాట్ రోడ్ల పైన వాలు, అన్నీ అందులో ఉంటాయి. డేటా ఊరికే ఇస్తారు. చదివే మనిషి జీతమే మనం పెట్టుకోవాలి.

మంచి జరిగిన చోటు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం మన టైము ప్రకారం ఆరున్నరకి వచ్చింది, అల మన తీరానికి రావడానికి రెండు గంటలకి పైగా పట్టింది, ఆ రెండు గంటల్లో ప్రభుత్వం నుంచి తీరంలో జనానికి ఒక్క మాట అందలేదు. మన రాష్ట్రంలోనే వంద మందికి పైగా పోయారు. అప్పుడు కేంద్రంలో సముద్రాభివృద్ధి శాఖ కార్యదర్శి హర్ష్ గుప్తా గారు. మహారాష్ట్రలో కొయనా డ్యాము దగ్గర 1967లో వచ్చిన భూకంపాన్ని పట్టుకుని, రిజర్వాయర్ నీళ్ళ బరువు భూకంపాల్ని ఎలా రేపుతుందో ఏళ్ళ తరబడి తవ్విన మనిషి, మధ్యలో అంటార్కిటికా వెళ్ళి అక్కడ మన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి కట్టించి వచ్చారు, 1992 నుంచి 2001 దాకా ఎన్‌జీఆర్ఐ డైరెక్టర్. విషయం తెలిసిన మనిషి కుర్చీలో ఉన్నాడు కాబట్టి ఫైలు కదిలింది, 2007 అక్టోబర్‌కల్లా హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం తయారైంది. 2012 ఏప్రిల్ 11న మళ్ళీ సుమత్రా దగ్గర 8.6 వచ్చినప్పుడు, చెన్నైలో జనం ఆఫీసులు వదిలి రోడ్ల మీదికొచ్చారు గానీ, మన కేంద్రం మాత్రం లెక్కలేసుకుని, మన ప్రధాన తీరాన్ని ఖాళీ చేయించాల్సిన పని లేదని తేల్చింది. పెద్ద అల రానే లేదు. హెచ్చరిక ఇవ్వడానికి ఎంత ధైర్యం కావాలో ఇవ్వకుండా ఉండటానికి దానికి రెట్టింపు కావాలి, ఆ ధైర్యం లెక్క తెలిస్తేనే వస్తుంది.

మరి మనిషి దొరుకుతాడా అంటారేమో. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఏటా జియోఫిజిక్స్ పాసై పిల్లలు బయటికొస్తున్నారు. ఓఎన్‌జీసీ నోటిఫికేషన్ కోసం రెండేళ్ళు చూస్తారు, గేట్ రాస్తారు, చివరికి అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోతారు. నా దగ్గర ప్రాజెక్టు చేసిన అమ్మాయి ఒకతె, రాడార్ బొమ్మలో నాట్లేసిన మడికీ వరదకీ తేడా కంటితో చెప్పగలిగేది, ఇప్పుడు బెంగళూరులో ఆన్‌లైన్ కిరాణా కంపెనీకి డెలివరీ రూట్లు గీస్తోంది. జీతం బావుంది, నేనేం అనను. రెండు రాష్ట్రాల్లో కలిపి జిల్లాలు అరవై అటూ ఇటూ. అరవై పర్మనెంట్ పోస్టులు. కాంట్రాక్టు వద్దు, ఎందుకంటే ఒక జిల్లా నేల అర్థం కావడానికి కనీసం రెండు వానాకాలాలు పడుతుంది, కాంట్రాక్టు పదకొండు నెలలకే అయిపోతుంది.

ఆ మనిషికి మొదటి పని కూడా నేనే చెప్తా. స్తంభాలు. గోదావరి, మున్నేరు, కృష్ణ, చెయ్యేరు, ఏ ఏటి పక్క ఊరికి వెళ్ళినా ఎవరో ఒకరి గోడ మీద, గుడి మెట్టు మీద, బడి గోడ మీద వరద గుర్తు ఉంటుంది. నీళ్ళు ఎంత ఎత్తు దాకా వచ్చాయో దాన్ని మించిన సాక్ష్యం లేదు. శాటిలైట్ నుంచి తీసిన ఎత్తుల మ్యాపులో కొన్ని మీటర్ల తప్పు ఉంటుంది, కోనసీమలో అయితే అది కొబ్బరి చెట్ల తలలనే నేలనుకుంటుంది. అక్కడ ఊరు మునగడానికీ తేలడానికీ తేడా ఒక మీటరు. ఆంధ్రాలో భూముల రీసర్వేకి వాడిన రోవర్లనే జీపీఎస్ మిషన్లు ఉన్నాయి, అవి సెంటీమీటర్ల తేడాలో ఎత్తు చెప్తాయి. తెలంగాణలో కొత్తగా లైసెన్స్‌డ్ సర్వేయర్లకి ట్రైనింగ్ ఇచ్చారు. పొలం హద్దులు కొలిచే ఆ మిషన్‌నే ఒక పూట గోడ మీది గీత పక్కన పెట్టించండి. అలా ఊరికి నాలుగు గుర్తులు కొలిస్తే చాలు, భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక ఇచ్చినప్పుడు ఏ వీధి, 48కి ఏ వీధి, 53కి ఏ వీధి అని ముందే మైకులో చెప్పొచ్చు. ఇప్పుడు మనం అడుగులు మాత్రమే చెప్తున్నాం. భద్రాచలం స్నానఘట్టం దగ్గర 53 అడుగులంటే మా తమ్ముడి గుమ్మం దగ్గర ఎంత అనేది వాడే లెక్కేసుకోవాలి.

ఈ గుర్తులు ఎక్కువ కాలం ఉండవు. పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు కడుతున్నారు. మా ఇల్లు కూడా వచ్చే సంక్రాంతి తర్వాత పడగొట్టాలని తమ్ముడి ప్లాన్, ఆ టేకు స్తంభాలకి ఖమ్మం నుంచి ఎవరో బేరం కూడా పెట్టారు. ఆ ఒక్క స్తంభం అమ్మనివ్వనని చెప్పా, కానీ ఇల్లు లేకుండా స్తంభం మాత్రం ఉంటే గీత ఎత్తు దేన్నుంచి కొలుస్తాం? ఉన్నచోట ఉండగానే కొలవాలి.

కాబట్టి భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్ గారూ, వచ్చే సోమవారం ప్రజావాణికి నేను వస్తున్నా. లైన్లోనే నిలబడతా, మోకాళ్ళు నొప్పులే గానీ పర్లేదు, మజ్జిగ బాటిల్ తెచ్చుకుంటా. దరఖాస్తు ఒక్క పేజీయే. సర్వేయర్‌ని ఒక్క పూట బూర్గంపాడు పంపమని అడిగా. స్తంభం ఫోటో వెనక జతచేశా, కలర్ ప్రింటే తీయించా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియోఫిజిసిస్టు
హైదరాబాద్